వెనక మెట్లు

సినిమా నడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. శనివారం మధ్యాహ్నాలు మా చర్చి హాలులో తెర పక్కన నిలబడి ఇంగ్లీషు సినిమాలకు మాట చెప్పడం నా పిచ్చి. తెర మీద మనిషి ఇంగ్లీషులో ఏదో అంటాడు, నేను మైకు పట్టుకుని అదే మాట తెలుగులో అంటాను. ఆడవాళ్ల మాట, ముసలివాళ్ల మాట, తాగుబోతుల మాట, అన్నీ నా గొంతే. ఇప్పుడు ఫోన్లలోనే కింద అక్షరాలు వస్తున్నాయి, నీ గొంతు ఎవనిక్కావాలె అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. హాలుకు వచ్చేవాళ్లలో సగం మంది అక్షరాలను అంత జోరుగా చదవలేరు. మిగతా సగం మంది నన్ను చూసి నవ్వుకోవడానికి వస్తారు. వచ్చారు కదా, నాకంతే చాలు.

ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పల్లెటూరి బడిపంతులు. సెలవు రోజుల్లో చర్చి వాళ్ల ప్రొజెక్టరు పెట్టె, ఒక తెల్ల దుప్పటి బస్సు మీద వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. క్రీస్తు కథల రీళ్లు, ఒక్కోసారి టీబీ మీద, పురుగుమందుల మీద రీళ్లు. అన్నీ ఇంగ్లీషే. తెర పక్కన నిలబడి ఆయన తెలుగులో చెప్పేవాడు. నేను పక్కన దుప్పటి అంచు పట్టుకుని నిలబడేవాణ్ణి. నాకు ఆయన ఒకే ఒక్క నియమం చెప్పాడు.

"ముందుగాల రాసుకోకు. కాయితం చూసి చెప్తే కాయితమే మాట్లాడుతది. బొమ్మ నోరు తెరిచినప్పుడు నీ నోట్ల ఏమొస్తే గదే అను. మనింట్ల గా మాట ఎట్లంటరో గట్లనే అనాలె."

ముప్పై ఏళ్లుగా ఆ నియమం తప్పలేదు. నా గొప్పంతా అదేనని అనుకుంటూ వచ్చాను.

నాన్న తెర పక్కనే ఎందుకు నిలబడేవాడో కూడా చెప్పాలి. ఆయన పుట్టింది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి ఒక చిన్న ఊళ్లో. ఆయన చిన్నప్పుడు సబ్బులు అమ్ముకునేవాళ్లు ఒక వ్యానులో సినిమా తెచ్చి ఊరి ముందు ఆడించారట. ఊరివాళ్లు తెరకు ముందు కూర్చున్నారు. మా వాడవాళ్లను తెర వెనక కూర్చోమన్నారు. బట్ట వెనక నుంచి కూడా బొమ్మ కనపడుతుంది, కాకపోతే కుడి ఎడమలు తిరగబడి. అందులో హీరో ఎడమ చేత్తో అన్నం తిన్నాడు, పెళ్లికొడుకు ఎడమ చేత్తో తాళి పట్టుకున్నాడు. సినిమావాళ్లందరూ ఎడమచేతి వాటం మనుషులని నాన్న చాలా ఏళ్లు నమ్మాడట. పట్నం వచ్చి మొదటిసారి టికెట్టు కొని కుర్చీలో కూర్చున్న రోజు, హీరో కుడిచేత్తో తింటుంటే ఆయనకు ఏడుపు ఆగలేదట. ఈ సంగతి ఇంట్లో నవ్వుతూనే చెప్పేవాడు. వింటుంటే నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

అందుకే నేను హాలులో సినిమాలు మొదలుపెట్టాక ఏరి ఏరి జాతివివక్ష సినిమాలు తెచ్చాను. అమెరికా దక్షిణాది ఊళ్లవి, దక్షిణాఫ్రికావి. తెల్లవాళ్లకు ఒక నీళ్ల నల్లా, నల్లవాళ్లకు ఇంకో నల్లా. ఒకే బస్సులో ముందు సీట్లు, వెనక సీట్లు. దవాఖానకు రెండు తలుపులు. ఒక సినిమాలో కోర్టులో సాక్షి చేత ప్రమాణం చేయించడానికి నల్లవాళ్ల కోసం వేరే బైబిలు తెచ్చి పెట్టారు. అది చూసి ప్రొజెక్టరు ఆపించి పది నిమిషాలు అరిచాను. దేవుని పుస్తకానికి కూడా రంగు అంటుతుందా అని అరిచాను. ముందు వరసలో కూర్చునే పెద్దావిడ ఒకామె, "సారూ, బీపీ గోలీ ఏసుకున్నవా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ప్రతి సినిమాకు ముందు నాన్న తెర వెనక కథ చెప్పేవాణ్ణి. వింటూ ఎవరైనా కళ్లు తుడుచుకుంటే నాకు లోలోపల బాగుండేది. అది కూడా దాచడమెందుకు.

ఇక మా ఇల్లు. ఇంద్రేశంలో ప్లాట్లు పడుతున్న కాలంలోనే కొని కట్టుకున్నాం. కింద మేము ఉంటాం. పైన డాబా మీద రెండు రేకుల గదులు వేసి కిరాయికి ఇచ్చాం. మా వైపు ఏ ఇంటి మీద చూసినా ఇవే గదులు, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా, బీహార్ మనుషులు ఉంటారు. మా పైన ఒక గదిలో నలుగురు కుర్రవాళ్లు. రెండో గదిలో ఒడిశా నుంచి వచ్చిన ఒక జంట. భర్త ఇనుప సామాన్లు చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఆ అమ్మాయికి ఇరవై ఇరవైరెండేళ్లు ఉంటాయి. వాళ్లూ మా చర్చికే వచ్చేవాళ్లు. ఆమెకప్పుడు ఎనిమిదో నెల.

డాబాకు రెండు దారులు. ముందు వరండాలోంచి మంచి మెట్లు ఉన్నాయి, వెడల్పువి, గచ్చకాయ రంగు టైల్స్ వేయించాను, చేతికి స్టీలు రెయిలింగు. రెండోది వెనక సందులోంచి. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక మోయడానికి గోడకు వెల్డింగ్ చేయించిన ఇనుప మెట్లు. ఒక మనిషి మాత్రమే పడతాడు. కిరాయివాళ్లు వెనక నుంచి రావాలని నేనే పెట్టాను. ఫ్యాక్టరీ బూట్లకు గ్రీసు ఉంటుంది, ఇనుప రజను ఉంటుంది, టైల్స్ గీతలు పడతాయి. నాకది న్యాయంగానే కనపడింది. ముందు మెట్ల దగ్గర జాలి గేటు పెట్టించి తాళం వేశాను. దాని మీద ఒక రేకు ముక్క తగిలించి, నా చేత్తోనే హిందీలో రాశాను, కిరాయిదార్లకు దారి వెనక నుంచి, ఇక్కడ జూతాలు మనా, అంటే బూట్లతో రావద్దు, అని. అక్షరాలు బాగా కుదిరాయని ఆ రోజు మా ఆవిడకు చూపించుకున్నాను కూడా.

నేను చెప్పబోయే సినిమా వేసిన వారంలోనే, బుధవారం సాయంత్రం జల్లు పడుతోంది. నేను బడి నుంచి వచ్చి వరండాలో టీ తాగుతున్నాను. డాబా మీద బట్టలు తీద్దామని మా ఆవిడ జాలి గేటు తీసి పైకి పోయింది. ఆ అమ్మాయి నీళ్ల క్యాన్ చంకన పెట్టుకుని గేటు తీసి ఉండటం చూసి ముందు నుంచి వచ్చింది. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నేను టీ కప్పులోంచి తలెత్తి చెప్పాను. గట్టిగా కూడా కాదు, కోపంగా అసలే కాదు. "ఇధర్ సే నహీ అమ్మా. పీఛే సీఢీ హై నా. టైల్స్ ఖరాబ్ హోతే." ఇటు నుంచి కాదమ్మా, వెనక మెట్లున్నాయి కదా, టైల్స్ పాడవుతాయి. ఆమె "జీ అంకుల్" అని వెనక్కి తిరిగి వానలో ఇంటి పక్క సందులోంచి పోయింది. ఇనుప మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినపడింది. నేను టీ పూర్తి చేశాను.

శనివారం వచ్చింది. హాలులో అరవై మంది దాకా ఉన్నారు. నా డాబా మీది నలుగురు కుర్రవాళ్లు వెనక వరసలో, ఆ జంట మూడో వరసలో అంచున కూర్చున్నారు. ఒడియావాళ్లు ఉన్న రోజు నేను ముందు తెలుగులో చెప్పి, ముఖ్యమైన మాటలు హిందీలో మళ్లీ చెబుతాను. నాన్న ఎడమచేతి కథ ఆ రోజు కూడా చెప్పాను. బాగా చెప్పాను.

అదొక పాత అమెరికా సినిమా. నలుపు తెలుపు. ఒక చిన్న ఊళ్లో సినిమా థియేటరు. తెల్లవాళ్లు ముందు అద్దాల తలుపులోంచి పోతారు. నల్లవాళ్లకు పక్కన గోడ వెంట బయటి మెట్లు, వాటి మీదుగా పై బాల్కనీకి పోవాలి. ఇళ్లల్లో వంట చేసే ఒక నల్ల ఆడమనిషి ముసలి తల్లిని తీసుకుని వస్తుంది. వాన పడుతుంటుంది. తల్లికి మోకాళ్ల నొప్పులు. ఆ బయటి మెట్లు చూసి, ఒక్క క్షణం ఆగి, తల్లిని అద్దాల తలుపు వైపు నడిపిస్తుంది. తలుపు దగ్గర టోపీ పెట్టుకున్న గేటుమనిషి నిలబడి ఉంటాడు. మంచివాడిలాగే ఉంటాడు. కసురుకోడు, తోసెయ్యడు. వేలు చూపించి రెండే రెండు మాటలు అంటాడు, పక్క నుంచి పొమ్మని.

వాడు నోరు తెరిచాడు. నాన్న చెప్పినట్టే నేను నోరు తెరిచాను.

తెలుగు రాలేదు. "ఇధర్ సే నహీ అమ్మా," అన్నాను మైకులో. "పీఛే సీఢీ హై నా." అప్పటికే తెర మీద వాడి పెదవులు మూతపడ్డాయి. నా మాట మాత్రం ఆగలేదు. "టైల్స్ ఖరాబ్ హోతే."

ఆ థియేటరులో టైల్స్ లేవు. ఎర్ర తివాచీయో ఏదో ఉంది. ఆ మాట ఆ సినిమాలో ఎవరూ అనలేదు.

ముందు నాకు అర్థమే కాలేదు, నా గొంతు నా చెవులకు స్పీకరులోంచి ఎవరిదో అన్నట్టు వినపడింది. వెనక వరసలో ఆ నలుగురు కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. ఒకడు తొడ మీద చరుచుకున్నాడు. నా చూపు నేను ఆపుకోలేక మూడో వరస అంచుకు పోయింది. ఆ అమ్మాయి నవ్వలేదు. తెరనే చూస్తూ, కాలితో చెప్పులు వెతుక్కుని, మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది. ఎవరికైనా అడ్డం వస్తాయేమో అన్నట్టు.

తెర మీద ఆ ముసలామె బయటి మెట్లు ఎక్కుతోంది, కూతురు వెనక నుంచి నడుము పట్టుకుని తోస్తోంది, ఏదో అంటోంది, నేను చెప్పడం లేదు. మైకు చేతిలోనే ఉంది. ఎవరో, "సార్, మైకు బంద్ అయిందా ఏంది?" అని అడిగారు. ముందు వరస పెద్దావిడ, "ఆయనకు ఏడ్పొచ్చినట్టున్నది, జెర ఆగుండ్రి" అంది. నేను ఏడుస్తున్నాననే అందరూ అనుకున్నారు. నాకున్న పేరు అలాంటిది. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ముప్పై ఏళ్లుగా తెల్లవాడి మాట నా నోట్లో అంత సులువుగా ఎలా పలుకుతోంది, జనం భలే చెప్పావు అని ఎందుకు మెచ్చుకుంటున్నారు అని మొదటిసారి భయం వేసింది.

ఎలాగో సినిమా పూర్తి చేశాను. ఆ నలుగురు కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చారు. పెద్దవాడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "అంకుల్, ఆజ్ గేట్‌మేన్ ఏక్ నంబర్. ఏక్‌దమ్ అసలీ లగా," అన్నాడు. నిజం మనిషిలాగే ఉన్నాడట. వాడి ముఖంలో వెటకారం ఎంత వెతికినా నాకు కనపడలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె హాలుకు రాలేదు ఆ రోజు. కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"నేనెన్నిసార్లన్న, ఆ పిల్ల కడుపుతోని ఉన్నది, ముంగట నుంచి రానియ్యి అని. నువ్వేమన్నవ్? ఒక్కల్ని రానిస్తే అందరు అలవాటు పడుతరన్నవ్. నేను గూడ ఇగ ఊకున్న."

అలవాటు పడతారు అన్నానా? అన్నాను. ఆ గొంతుతోనే అన్నాను. నాన్నను తెర వెనక కూర్చోమన్నవాడు కూడా బహుశా కసురుకుని ఉండడు. వెనక నుంచి కూడా బాగనే కనపడుతది పోరా అని నవ్వుతూనే అని ఉంటాడు. ఇన్నేళ్లూ వాణ్ణి మీసాలు, ఎర్రటి కళ్లు పెట్టి ఊహించుకున్నాను. వాడు వరండాలో కూర్చుని టీ తాగుతుండేవాడని నాకెన్నడూ తోచలేదు.

స్క్రూడ్రైవరు తెచ్చి రేకు ముక్క ఊడదీశాను. తాళం తీసి డ్రాయరులో పడేశాను. పైకి పోయి ఆ దంపతులకు చెప్పాను, రేపటి నుంచి ముందు నుంచే రండి, ఇద్దరూ, అందరూ. "జీ అంకుల్," అన్నారిద్దరూ. కుర్రవాళ్లకూ చెప్పాను. వాళ్లూ తలూపారు.

పొద్దున టంగు టంగుమని ఇనుప మెట్ల చప్పుడు వినపడింది. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ అమ్మాయి నీళ్లకు దిగేది వెనక నుంచే, ఎక్కేది వెనక నుంచే, ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి పొట్ట కింద. నాకు చిర్రెత్తుకొచ్చింది. భర్తను పిలిచి, "ముంగట నుంచి రమ్మని చెప్తే ఎందుకొస్తలేరు? నా మాటంటే లెక్క లేదా?" అని గదమాయించాను. అతను కొంచెం తెలుగు నేర్చుకున్నాడు. "ఆదత్ ఐంది అంకుల్," అలవాటైపోయిందని నవ్వి తల దించుకున్నాడు. లోపల నుంచి మా ఆవిడ, "ఇప్పుడు గీ మెట్లెక్కనీకి గూడ హుకుమేనా?" అంది.

మూడు వారాలు గడిచాయి. బడిలో పరీక్షలు, ఒంటిపూట. మధ్యాహ్నం అన్నం తింటుంటే పైన గాబరాగా అరుపులు వినపడ్డాయి. మా ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తింది. నొప్పులు మొదలయ్యాయి, నిలబడలేకపోతోంది అని పై నుంచి కేకేసింది. నేను అంబులెన్సుకు ఫోను చేశాను. ఎవరో భర్తకు చెప్పినట్టున్నారు, అతను ఫ్యాక్టరీ నుంచి ఎవరి బండి మీదనో వచ్చి సందులోంచి పైకి ఉరికాడు. అంబులెన్సు వచ్చి ఇంటి ముందు రోడ్డు మీద ఆగింది.

ముందు మెట్లు ఆ రోజు కోసమే ఉన్నట్టు అనిపించింది నాకు. మెట్ల మీది పూలకుండీలు చకచకా పక్కకు జరిపాను. జాలి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాను. వీధి గేటు తీశాను. కింద నిలబడి చూస్తున్నాను, ఇప్పుడు దిగుతారు, ఇప్పుడు దిగుతారు అని. ఎవరూ రాలేదు. వెనక నుంచి ఇనుము కిర్రుమన్న చప్పుడు వచ్చింది.

మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తాను. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒకరి కింద ఒకరుగా ఇద్దరు కుర్రవాళ్లు, వెనక భర్త, ఇనుప మెట్ల మీది నుంచి దించుతున్నారు. కుర్రవాళ్లు అప్పటికే రెండు మెట్లు దిగారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగి గోడకు రాసుకుంటోంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. ఇంకో చేత్తో ఒళ్లో చెప్పులు పట్టుకుంది.

"ఇటు నుంచి," అని అరిచాను. "ఇటు నుంచి తీసుకరండి, గేటు తీసి ఉన్నది."

భర్త తల తిప్పి నన్ను చూశాడు. ముఖమంతా చెమట. నా వెనక వెడల్పాటి మెట్లను చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. గ్రీసు, ఇనుప రజను అంటుకున్న బూట్లు.

"జూతా ఉంది అంకుల్," అన్నాడు. "తీసేంత టైం లేదు."

ఆ మాట అని కిందికి దిగిపోయాడు. వాళ్లు సందులోంచి ఇంటిని చుట్టి ముందు రోడ్డు మీదికి రావడం పై నుంచి చూశాను. మా ఆవిడ కూడా వాళ్లతో అంబులెన్సు ఎక్కింది.

పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. సర్కారు దవాఖాన నుంచి మా ఆవిడ ఫోను చేసి చెప్పినప్పుడు నేను ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. టైల్స్ మీద ఒక్క మరక లేదు.

శనివారాలు హాలు నడుస్తూనే ఉంది. నాన్న తెర వెనక కూర్చున్న కథ చెప్పడం మానేశాను. ఏమైంది సార్, ఆ ఎడమచేతి ముచ్చట చెప్తలేవు అని ముందు వరస పెద్దావిడ అడుగుతూనే ఉంది. దాని బదులు ఈ మెట్ల సంగతి చెప్పాలని ప్రతి వారం మైకు పట్టుకుంటాను. మూడో వరస అంచున ఆ అమ్మాయి ఒళ్లో పాపతో కూర్చుని ఉంటుంది. చెప్పులు కుర్చీ కింద ఉంటాయి. నేను లైట్లు తీసెయ్యమంటాను, సినిమా మొదలవుతుంది.